క్విజ్‌కు సాంపిల్ పోయినవాడు

కోవిడ్ తర్వాత కాలేజీలు పూర్తిగా తెరుచుకున్న రెండో ఏడాది, సెప్టెంబరులో, కోదాడ దగ్గరి ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నన్ను మొదటి సంవత్సరం అప్లైడ్ ఫిజిక్స్‌కు క్విజ్ కోఆర్డినేటర్‌గా వేశారు. ఆ ఉత్తర్వు చేతికిచ్చిన రోజు హెచ్‌ఓడీ గదిలో ఉన్నవారు ముగ్గురు: హెచ్‌ఓడీ హైమావతి మేడం, పరీక్షల విభాగం నుంచి వచ్చిన గుమాస్తా, నేను. ఉన్న వస్తువులు: స్పైరల్ బైండింగ్ చేసిన నిబంధనల పుస్తకం, ఛార్జర్ తీస్తే ఆగిపోయే ల్యాప్‌టాప్, ప్లాస్టిక్ కప్పుల్లో టీ, పాత బ్యాచ్ వాళ్లు తిరిగి తీసుకెళ్లని రికార్డు పుస్తకాల దొంతర. ల్యాప్‌టాప్ నాకిచ్చారు. నిబంధనల పుస్తకం మేడం దగ్గరే ఉండిపోయింది.

మాది సూర్యాపేట. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ, ఆ తర్వాత ఎంటెక్ చేసి, అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాను. అధ్యాపకుల వరుసలో అది చివరి మెట్టు. ఆ మెట్టు మీద ఉన్నవారికి పాఠంతో పాటు ఒక అదనపు పని తప్పనిసరిగా తగులుతుంది. ఒకరికి ఎన్నెస్సెస్, ఒకరికి బస్సుల హాజరు, నాకు క్విజ్‌లు. ఆ కాలేజీలో నాలుగేళ్లు పనిచేసి బోధన వదిలేశాను. ఇప్పుడు వాడపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ నాణ్యతా ప్రయోగశాలలో ఉన్నాను. ఆన్‌లైన్ క్విజ్‌లను ఎలా రాయాలని పిల్లలూ తల్లిదండ్రులూ ఇప్పటికీ అడుగుతుంటారు. సలహా చెప్పడం తేలికే. నేను ఇచ్చిన సలహాకు ఏం జరిగిందో చెబితే ఎక్కువ ఉపయోగమని ఇది రాస్తున్నాను.

ముందు క్విజ్ ఎలా ఉండేదో చెప్పాలి. సెమిస్టరుకు పది క్విజ్‌లు. ఒక్కోదానిలో పది ప్రశ్నలు, పది మార్కులు, ఇరవై ఐదు నిమిషాలు. శనివారం సాయంత్రం ఆరింటికి తెరుచుకుని ఆదివారం రాత్రి తొమ్మిదింటికి మూతపడేది. మధ్యలో ఎవరికి వీలైనప్పుడు వారు ఫోన్‌లోనే రాసుకోవచ్చు. ఒక్కసారే అవకాశం. ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, వెనక్కి వెళ్లడానికి లేదు. ప్రశ్నలు అందరికీ అవే పది. వరుస మాత్రం మారుతుంది, ఒక్కో ప్రశ్నకింద జవాబుల వరుసా మారుతుంది. కాబట్టి ‘మొదటిదానికి బి, రెండోదానికి డి’ అని చెప్పుకుంటే లాభం లేదు. పెద్ద ప్రశ్నల నిధి తయారుచేసి ఒక్కొక్కరికి వేర్వేరు ప్రశ్నలు ఇద్దామని నేను రాసిచ్చాను. ఒకరికి తేలికవి, ఒకరికి కష్టమైనవి పడ్డాయని తల్లిదండ్రులు గొడవ చేస్తారని పైవాళ్లు ఒప్పుకోలేదు.

పదింటిలో ఎక్కువ మార్కులొచ్చిన ఎనిమిదింటినే లెక్కలోకి తీసుకునేవాళ్లం. జ్వరం వచ్చినా, నెట్ పోయినా విద్యార్థి నష్టపోకూడదని ఆ వెసులుబాటు. అంటే మొత్తం ఎనభై. అందులో సగం, నలభై, రాకపోతే ఆ కోర్సు చివరి పరీక్షకు హాల్ టికెట్ ఇవ్వరు. మరుసటి ఏడాది జూనియర్లతో కలిసి కోర్సును మళ్లీ నమోదు చేసుకోవాలి. ఇది కాలేజీ సొంత నిబంధన. సెమిస్టరు మధ్యలో పెట్టే మిడ్ పరీక్షలో ఎన్ని వచ్చినా క్విజ్ భాగంలో తక్కువైతే కుదరదు.

ఇవన్నీ, వీటితోపాటు క్విజ్ ఎలా రాయాలన్నది, ఒక సూచనల పేజీలో పెట్టాను. చాప్టరు చదివి, పుస్తకం మూసి, తర్వాతే క్విజ్ తెరవమన్నాను. పక్కన తెల్లకాగితం పెట్టుకుని ప్రతి లెక్కా దానిమీద చేయమన్నాను, ఎందుకంటే ఫోన్‌లో చూసి మనసులో చేసే లెక్కలో ఎక్కడ తప్పిందో తర్వాత వెతుక్కోవడానికి ఏమీ మిగలదు. కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో మొదట చూసుకోమన్నాను. మూతపడిన తర్వాత తప్పుపోయిన ప్రశ్నలు తెరిచి, ఎందుకు తప్పాయో ఒక్కో వాక్యం రాసుకోమన్నాను. అన్నిటికన్నా కింద, క్విజ్ ఉన్నది మీకు తెలియనిదేదో మీకూ నాకూ తెలియడానికి అని రాశాను. క్లాసులో ఒకసారి గట్టిగా చదివాను కూడా. అది మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడ్.

మూడో వారంలో లాగ్ చూస్తుంటే ఒక విషయం కనిపించింది. లాగ్ అంటే ఎవరు ఎప్పుడు తెరిచారు, ఎంతసేపు రాశారు, ఎన్ని వచ్చాయి అన్నది కంప్యూటర్ తనంతట తాను నమోదు చేసుకునే చిట్టా. ప్రతి శనివారం సరిగ్గా ఆరు గంటలకు ఒక్కరే తెరుస్తున్నారు. మూడు నిమిషాల్లో మూసేస్తున్నారు. వారికి సున్నా. తర్వాత ఓ పావుగంట ఎవరూ లేరు. ఆ తర్వాత వరసబెట్టి తొమ్మిదులూ పదులూ. ఆ సున్నా మాత్రం వారం వారం ఒక్కో రోల్ నంబరుకు మారుతోంది.

నాలుగో వారం క్విజ్ అయ్యాక ఆ సోమవారం సున్నా తెచ్చుకున్నవాణ్ని ల్యాబ్‌కు పిలిచాను. పేరు సాయికిరణ్. పాలకీడు మండలంలో ఒక తండా వాళ్లది. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు. హాస్టల్లో ఉచిత సీటు మీద ఉన్నాడు. మొదటి ప్రయత్నంలోనే అన్ని కోర్సులూ దాటితేనే రెండో ఏడాది ఆ సీటు ఉంటుంది. చిత్రమేమిటంటే రెండో వారం సున్నా కూడా అతనిదే. అతనితో పాటు పిలవకుండానే వచ్చినవాడు వంశీ. మిర్యాలగూడలో తాతల కాలం నుంచి ధాన్యం వ్యాపారం, ఇప్పుడు రైస్ మిల్లు. ఇద్దరిదీ ఒకే గది.

ఎందుకు సున్నా వచ్చిందని అడిగాను. నెట్ పోయింది సార్ అన్నాడు సాయికిరణ్. నెట్ పోతే సబ్మిట్ ఎలా అయిందని అడిగాను. అతను చెప్పుల వైపు చూశాడు. వంశీ ఊరుకోలేకపోయాడు.

"సార్, మీరు ఎవ్వరికి చెప్పనంటే చెప్త. వాడు సాంపిల్ పోయిండు."

సాంపిల్ ఏమిటన్నాను.

"మా మిల్లుకాడ గట్లనే సార్. సీజన్ల ట్రాక్టర్లన్ని లైనుల నిలవడ్తయి గని మొదటి ట్రాక్టరు లోపటికి తీస్కపోతందుకు ఎవ్వడు ముంగటికి రాడు. మా నాయిన బస్తల గొట్టం గుచ్చి వడ్లు తీస్తడు, మిషిన్ల పోస్తడు, తేమ ఎంతుందో చూసి తరుగు కోస్తడు. ఆ కోసుడు ఎంతనో మొదటోనికి పడ్డంకనే మిగిలినోళ్లకు తెలుస్తది. ఇగ వాళ్లు వడ్లు కిందవోసి ఆరవెట్టుకోని నిమ్మలంగ తెస్తరు. మాది గంతే. ఒకడు ముందుగాల పోయి ప్రశ్నలు దింపుకొస్తడు."

మిగతాది నేనే అడిగి రాబట్టాను. హాస్టల్ రెండో అంతస్తులో ఎదురెదురుగా రెండు గదులు, గదికి ఐదుగురు. పదిమంది, పది క్విజ్‌లు. ఒక్కో వారం ఒక్కొక్కరి వంతు. వంతు వచ్చినవాడు ఆరింటికి తెరిచి, జవాబులు చదవకుండా ‘తర్వాత’ నొక్కుకుంటూ పోతూ, ప్రతి ప్రశ్నకూ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో వేస్తాడు. మిగిలినవాళ్లు సీనియర్లను అడిగో, నెట్‌లో వెతికో జవాబులు పట్టి పావుగంటలో గ్రూపులో పెట్టేస్తారు. అక్కడి నుంచి సెక్షన్ అంతా పాకుతుంది. శనివారం ఏడున్నర లోపు క్విజ్ అయిపోతే సూర్యాపేట, మిర్యాలగూడ బస్సులు అందుకుని ఇళ్లకు వెళ్లొచ్చు. అందుకే ఆ తొందర. సాంపిల్ పోయినవాడు నింపాదిగా జవాబులు రాస్తూ కూర్చుంటే గ్రూపులో తిట్లు పడతాయి. పదింటిలో రెండు ఎలాగూ లెక్కలోకి రావు కాబట్టి, ఒక్క సున్నాతో ఎవరికీ నష్టం లేదు.

యంత్రంగా చూస్తే ఆ ఏర్పాటులో లోపం లేదని ఒప్పుకోవాలి. మేము విద్యార్థి మేలు కోసం పెట్టిన వెసులుబాటును కొలిచి, దానికి సరిపడా వంతులు వేసుకున్నారు. మరి నువ్వు రెండుసార్లు ఎందుకు పోయావని సాయికిరణ్‌ను అడిగాను. దానికీ వంశీయే చెప్పాడు.

"ఈ వారం నా వంతు సార్. మిల్లుల పని మస్తుందని మా నాయిన ఐదింటికే రమ్మన్నడు. వీడే అన్నడు, నువ్వు పో, నేను చూస్కుంట అని."

"రెండు పోతె ఏం గాదు సార్," అన్నాడు సాయికిరణ్. "ఎట్లయినా రెండు తీసేస్తరు గద."

మీకు ఇది చెల్లుతుందేమో కానీ ఫిజిక్స్ రాదని చెప్పాను. వంశీ వినయంగా తలూపాడు. సాయికిరణ్ మాత్రం జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, ప్రిజం మీద ఒక సందేహం అడిగాడు. ఆ వారం తాను సున్నా తెచ్చుకున్న క్విజ్‌లోని ప్రశ్నే అది. స్క్రీన్‌షాట్లు వేసి పడేశాక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని పదింటినీ మొదటి నుంచి చేసుకున్నాడట. మార్కులు రాని క్విజ్‌ను మళ్లీ ఎందుకు చేశావంటే, చేయకపోతే ఎట్లొస్తది సార్ అన్నాడు.

విషయం హైమావతి మేడంకు పేర్లు లేకుండా చెప్పాను. ఆమెది జగ్గయ్యపేట. "చూడండి నవీన్ గారూ," అంది, "సెమిస్టరు మధ్యలో విధానం మారిస్తే ముందు మనల్నే అడుగుతారు. క్లాసులో గట్టిగా చెప్పండి. వచ్చే ఏడాది చూద్దాం." క్లాసులో గట్టిగా చెప్పాను. సాంపిల్ అన్న మాట నా నోట విని వెనక బెంచీలు నవ్వాయి.

ఆ విధానం వల్ల మొదటి దెబ్బ నాకే తగిలింది. ఆరో క్విజ్ ఆప్టికల్ ఫైబర్ మీద. కాంతి ఎంత కోణం లోపల పడితే గాజు తీగలో నిలుస్తుంది, ఎంత దాటితే బయటికి పోతుంది అన్న లెక్కలు. సెక్షన్‌లో దాదాపు అందరికీ తొమ్మిది, పది వచ్చాయి. వంతుల సంగతి తెలిసినా, ఇన్ని పదులు చూశాక సగం మందికైనా పాఠం ఎక్కిందనుకుని తర్వాతి చాప్టరుకు వెళ్లాను. మిడ్ పరీక్షలో అదే లెక్కను అంకెలు మార్చి ఇస్తే చాలా పేపర్లలో ఆ స్థలం ఖాళీగా ఉంది. కొందరు క్విజ్‌లో వచ్చిన జవాబునే, పాత అంకెతో సహా, కింద రాసి గీత గీశారు. విద్యార్థి తప్పు జవాబు రాస్తే ఉపాధ్యాయుడికి ఒక సమాచారం అందుతుంది. అరువు తెచ్చుకున్న సరైన జవాబు ఆ సమాచారాన్ని మూసేస్తుంది. ఆ చాప్టరును మళ్లీ చెప్పే పీరియడ్లు అప్పటికి నా దగ్గర లేవు.

ఆ పేపర్లలో ఫైబర్ లెక్కను పూర్తిగా సరిగా చేసినవాడు సాయికిరణ్. ఆరో క్విజ్‌లో అతనికి వచ్చినవి ఏడు.

సెమిస్టరు ముగిశాక క్విజ్ మార్కులు కలిపి, నలభై రానివారి పేర్లు వేరు చేసి పరీక్షల విభాగానికి పంపడం నా పని. సోమవారం సాయంత్రం గడువు. శుక్రవారం కలిపితే సెక్షన్‌లో మూడు పేర్లు తేలాయి. ఇద్దరు కాలేజీకి రావడం ఎప్పుడో మానేసినవారు. మూడోది సాయికిరణ్.

లాగ్ తీసి చూశాను. ఆరింటికి తెరిచి మూడు నిమిషాల్లో మూసిన సున్నాలు అతని పేరు మీద ఐదున్నాయి. మిగిలిన ఐదు క్విజ్‌లూ ఆదివారం మధ్యాహ్నం రాసినవి. ప్రతిదానికీ ఇరవై నిమిషాలకు పైనే పట్టింది. మార్కులు ఏడు, ఎనిమిది, ఏడు, ఎనిమిది, ఏడు. మొత్తం ముప్పై ఏడు.

శనివారం పొద్దున అతన్ని పిలిపించాను. అంకె చెప్పాను. అతను కాసేపు నమ్మలేదు.

"మిడ్డుల మంచిగొచ్చినయి గద సార్. రెండు కలిపి చూడరా?"

చూడరని చెప్పాను. క్విజ్ భాగానికి వేరే కనీస మార్కు ఉందని సూచనల పేజీలో మూడో లైను. అతను ఆ పేజీ ఎన్నడూ తెరవలేదు. తెరవాల్సిన అవసరమూ పడలేదు. గ్రూపులో వచ్చే లింకు నేరుగా మొదటి ప్రశ్న దగ్గర దించేది. సెక్షన్ అంతా ఆ లింకు మీదే వచ్చేది.

మిగిలిన మూడు సున్నాలు ఎవరి కోసమని అడిగాను. ఒకడికి డెంగీ. ఒకడికి అంతకుముందే నెట్ పోయి రెండు క్విజ్‌లు పాడయ్యాయి, మూడోది పోతే ఇబ్బందన్నాడు. ఇంకొకడు భయస్థుడు, సున్నా పడితే ఇంటికి మెసేజ్ పోతుందని ఏడ్చాడు. ఆ వారాల్లో సాయికిరణ్ తన మార్కులు ఒక్కసారైనా కలిపి చూసుకోలేదు. చివరి పరీక్షలో ఎలాగూ బాగా రాస్తానన్న నమ్మకం అతనిది. ఆ నమ్మకం తప్పు కూడా కాదు.

మిగతా ఐదు క్విజ్‌లకు వేరేవాళ్లు సాంపిల్ పోయారు కదా, జవాబులు గ్రూపులో ఉన్నాయి కదా, మరి ఏడూ ఎనిమిదీ ఎందుకొచ్చాయని అడిగాను.

"చూడలే సార్. చూసి నొక్కుతె అండ్ల ఏముంటది? నేనే చేసిన."

ఆరో క్విజ్ చేసిన కాగితం ఉందా అంటే గదికి వెళ్లి తెచ్చాడు. పది లెక్కలకూ పద్ధతి సరిగానే ఉంది. మూడింటిలో చివరి అంకె మాత్రం తప్పు. ఆ మూడింటిలోనూ సైన్ విలువ కావాలి. అతని ఫోన్ కాలిక్యులేటర్ తీసి ముప్పై డిగ్రీల సైన్ కొట్టమన్నాను. సగం రావాలి. మైనస్‌తో ఏదో అంకె వచ్చింది. కాలిక్యులేటర్ రేడియన్లలో ఉంది. ఆ మూడు లెక్కల్లోనూ అలాగే పోయింది. క్విజ్‌లో తాను తేల్చిన అంకె జవాబుల్లో కనిపించకపోతే, దగ్గరగా ఉన్నదేదో నొక్కాడు. మిడ్ పరీక్షకు కాలేజీ ఇచ్చే మామూలు కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉంటుంది కాబట్టి అక్కడ తప్పు పోలేదు. మూతపడ్డాక తప్పులు తెరిచి చూసుకున్నా దొరికేది. ఆ సంగతీ తెరవని పేజీలోనే ఉంది.

ముప్పై ఏడుకు ఈ మూడూ కలిపితే నలభై అని అతను అప్పటికే లెక్కవేసుకున్నాడు. కాలిక్యులేటర్‌ను డిగ్రీలకు మార్చి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

నేను మేడం దగ్గరికి వెళ్లాను. ఆమె నిబంధనల పుస్తకం తెరిచి, ఒకే దారి ఉందని చూపించింది. క్విజ్‌లలో కుమ్మక్కు జరిగిందని రాతపూర్వకంగా వస్తే కమిటీ వేస్తారు. కమిటీ నిర్ధారిస్తే ఆ పదిమంది క్విజ్‌లన్నీ రద్దుచేసి ల్యాబ్‌లో ఒక పరీక్ష మళ్లీ పెడతారు. అందరితోపాటు సాయికిరణ్‌కూ అవకాశం వస్తుంది. హాస్టల్ సీటుకు కోర్సులు దాటాడా లేదా అన్నదే చూస్తారు కాబట్టి సీటు నిలుస్తుంది. కాకపోతే పదిమంది రికార్డుల్లోనూ కుమ్మక్కు అన్న మాట పడుతుంది. లాగ్ ఒక్కటే చాలదా అని అడిగాను. "అబ్బాయి ఐదుసార్లు ఖాళీగా సబ్మిట్ చేశాడని లాగ్ చెబుతుంది. ఎందుకు చేశాడో చెప్పదుగా. వాళ్లలో ఒకరైనా రాసివ్వాలి," అంది. ఆమె అన్నది నిజం. స్క్రీన్‌షాట్లు ఉన్నది వాళ్ల ఫోన్లలో.

మధ్యాహ్నం సాయికిరణ్‌కు చెప్పాను. వంశీ కూడా ఉన్నాడు.

"అందర్ని ఇరికిచ్చి నేను బయటపడాల్నా సార్?" అన్నాడు సాయికిరణ్. "వద్దు."

"ఇరికిచ్చుడు ఏందిరా," అన్నాడు వంశీ. "మేము చేసిందే గద." తర్వాత నా వైపు తిరిగాడు. "సార్, నాకు డెబ్బై ఎనిమిదొచ్చినయి. నా వంతు గుడ వీడే పోయిండు. నాయి ఒక మూడు తీసి వీనికెయ్యుండ్రి. ఎవలకు తెలుస్తది?"

మార్కులు ఒకరి నుంచి ఒకరికి మార్చడానికి ఉండదని చెప్పాను.

"మా మిల్లు గుమాస్తా అయితె ఈపాటికి మార్చేసెటోడు," అన్నాడు వంశీ. ఎవరూ నవ్వలేదు. నవ్వించడానికే అన్నాడని మాత్రం తెలిసింది.

రాసివ్వడానికి తాను సిద్ధమన్నాడు. మిగిలిన ఎనిమిది మందినీ అడిగి వస్తానని వెళ్లాడు. గంటన్నర తర్వాత వచ్చి ల్యాబ్ స్టూలు మీద కూర్చున్నాడు. డెంగీ వచ్చినవాడు సరేనన్నాడు. నెట్ పోయినవాడు ఇంట్లో అడిగి చెబుతానన్నాడు. ఏడ్చినవాడు మళ్లీ ఏడ్చాడు. మిగిలిన ఐదుగురు, వాళ్ల పేర్లు రాస్తే తాము కాదని రాస్తామన్నారు.

"ఒకడేమన్నడో తెలుసా సార్? వాణ్ని పొమ్మని మేం బలవంతం పెట్టినమా, వాడే పోయిండు గద అన్నడు."

వంశీ ఒక్కడే రాసిచ్చినా కమిటీ కూర్చునేది. అతను నా బల్ల మీది కాగితం తీసుకుని తారీఖు వేసి, రెండు లైన్లు రాశాడు కూడా. అప్పుడే సాయికిరణ్ లోపలికి వచ్చాడు. ఆ రెండు లైన్లూ నిలబడే చదివాడు.

"ఇది ఇచ్చినవనుకో, నీతోని మాట్లాడ," అన్నాడు.

"మాట్లాడకు. సీటన్న ఉంటది."

"ఆ రూముల ఎట్లుండాలెరా తర్వాత? తొమ్మిదిమంది మొకాలు చూసుకుంట." కాగితం మీద చెయ్యి పెట్టాడు. "ఇడిసిపెట్టు వంశీ. ఒక సబ్జెక్టే గద."

వంశీ నా వైపు చూశాడు. ఇచ్చే కాగితం ఉంటే తీసుకోవడం నా విధి అని చెప్పాను, లాక్కోవడం కాదు. సోమవారం నాలుగింటి దాకా ల్యాబ్‌లోనే ఉన్నాను. ఎవరూ రాలేదు. మూడు పేర్లూ పంపాను.

అప్లైడ్ ఫిజిక్స్ పరీక్ష రోజు నాకు హాల్లో ఇన్విజిలేషన్ పడింది, అంటే కాపలా డ్యూటీ. సాయికిరణ్ కూర్చోవాల్సిన బల్ల మీద పరీక్షల విభాగం వాళ్లు నంబరు చీటీ అంటించనే లేదు. అతని వెనక రోల్ నంబరు ఒక బల్ల ముందుకు జరిగింది. పేపర్‌లో ఫైబర్ లెక్క వచ్చింది. నేను వరసల మధ్య తిరుగుతుంటే ముగ్గురు నలుగురు దాన్ని వదిలేసి మరో ప్రశ్నకు పోవడం కనిపించింది.

రెండో ఏడాది హాస్టల్ జాబితాలో అతని పేరు రాలేదు. వంశీ వాళ్ల నాన్నతో చెప్పి కోదాడలో గది ఇప్పిస్తానన్నాడట. సాయికిరణ్ ఒప్పుకోలేదు. జూలైలో ఒక సాయంత్రం కోదాడ బస్టాండ్‌లో కనిపించాడు. నేను సూర్యాపేట బస్సు కోసం, అతను హుజూర్‌నగర్ బస్సు కోసం. అక్కడ దిగి పాలకీడు వైపు మరో బస్సు ఎక్కాలి. ఎలా ఉందని అడిగాను.

"పొద్దుగాల ఆరింటికి బయల్దేర్త సార్. కిటికికాడ సీటు దొరికితె ఒక టాపిక్ అయితది. దొరకకపోతె నిద్రే." తర్వాత అడిగాడు: "సార్, మళ్ల రాసే క్విజులల్ల గుడ అవే ప్రశ్నలుంటయా?"

అంకెలు మారుస్తానని చెప్పాను. సరే సార్ అన్నాడు. బస్సు వచ్చింది. అది నిండిపోయి ఉంది.

ప్రశ్నల నిధి గురించి మళ్లీ రాసిచ్చాను. ఆ ఏడాది తనిఖీ బృందం వచ్చేది ఉందని, అది వెళ్లాక చూద్దామని పక్కన పెట్టారు. సూచనల పేజీ దాటితేనే ప్రశ్నలు తెరుచుకునేలా పెడతానన్నాను. అదనపు క్లిక్ వల్ల ఫిర్యాదులు వస్తాయన్నారు. నాకు ఫ్యాక్టరీ ఉద్యోగం ఖాయమైంది. జూనియర్ల మొదటి క్విజ్ నడిపించి, ల్యాప్‌టాప్, ఛార్జర్ అప్పగించి వచ్చేశాను.

ఈ విషయం నాకు నేర్పింది ఇది. ఆన్‌లైన్ క్విజ్‌ను మార్కుల లెక్కగా చూసే విద్యార్థి ఎంత తెలివిగా చూసినా నష్టపోతాడు, ఎందుకంటే మార్కులు వచ్చాక అతని దగ్గర ఇంకేమీ మిగలదు. పాఠంగా చూసే విద్యార్థి కూడా నిబంధనలు చదవకపోతే నష్టపోతాడు. కాబట్టి నన్ను అడిగేవారికి రెండూ చెబుతాను. మొదట నిబంధనల పేజీ తెరవండి, కనీస మార్కు ఎక్కడుందో చూడండి, ప్రతి క్విజ్ తర్వాత మొత్తం కలిపి చూసుకోండి. తర్వాత కాగితం తీసుకుని ఒంటరిగా రాయండి, తప్పులు తెరిచి చూడండి. మీ వంతు మరొకరి చేత రాయించకండి, మరొకరి వంతు మీరు మొయ్యకండి. ఇందులో తాను వదిలేసినవాటిలో ఏ ఒక్కటి పాటించినా సాయికిరణ్ ఆ ఏడాది గట్టెక్కేవాడు. అందరిలా స్క్రీన్‌షాట్లు చూసి నొక్కినా గట్టెక్కేవాడు. ఈ చివరి మాట ఏ విద్యార్థికీ చెప్పలేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

వచ్చేసే ముందు చూసిన చివరి లాగ్ జూనియర్ల ఆ మొదటి క్విజ్‌ది. రాసినవారు అరవై ఒక్కమంది. సూచనల పేజీ తెరిచినవారు ఇద్దరు, అందులో ఒకరు సాయికిరణ్. అతను ఆదివారం మధ్యాహ్నం మొదలుపెట్టి ఇరవై నాలుగు నిమిషాలు తీసుకున్నాడు. పదికి ఎనిమిది. శనివారం ఆరు గంటలకు తెరిచి మూడు నిమిషాల్లో మూసిన రోల్ నంబరు ఒకటి ఉంది. అది ఒక జూనియర్‌ది. పదికి సున్నా.